కౌసల్య ఇంట్ల ఎందరు?

మా గల్లీల ఒక మాట తిరుగుతున్నది. పిండిగిర్ని ఎదురింటి కౌసల్య ఎవడో మొగోణ్ణి ఇంట్ల దాచిందట. అబద్ధం. ఆ ఇంట్ల నేను చూడని మూల లేదు, ఆఖరికి మంచం కింద గూడ చూసిన. చేతిల సూది జారిందని వంగిన, అంతే. ఆ మాట ఎట్ల పుట్టిందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్న.

కౌసల్యది పోచంపల్లి. పెనిమిటి కోదండం మగ్గం నేసినోడు. మగ్గం కూడు పెట్టక కొత్తపేటకొచ్చి, దిల్‌సుఖ్‌నగర్ల చీరల షాపుల పనికి కుదిరిండు. ఈమె ఇంట్ల కూసొని చీరలకు ఫాల్స్ కుడ్తది. నాలుగేండ్ల కింద మూసీ పొంగిన రోజు, అంబర్‌పేటల ఎవరికో చీర ఇచ్చొస్తనని పోయిండు కోదండం. గొడుగు మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ దొరికింది. మనిషి దొరకలే.

రెండేండ్లు ఆ ఇంట్ల రెండు కంచాలు పెట్టుడు నా కండ్లతోని చూసిన. ఆయన చెప్పులు గడప పక్కనే ఉండేవి. పొద్దుగాల వీధి దిక్కు, మాపటికి ఇంటి దిక్కు. ఈమెనే తిప్పుతున్నదనుకున్న.

తర్వాత వేలిముద్ర పడలేదని రేషన్ కార్డుల కోదండం పేరు తీసేసిన్రు. ఆ నెల నుంచి ఒక్కటే కంచం. కొన్నాళ్ళకు పోలీస్ స్టేషన్ల ఆయన తప్పిపోయిన కేసు ఫైలు మూసిన్రు. తెల్లారి చూస్తే గడప కాడ చెప్పుల్లేవు. "పోనీలే, తేరుకున్నది" అని అందరికంటె ముందు నేనే అన్న.

ఆ చలికాలంల ఇంటింటి సర్వే అని జ్యోతిక టీచర్ వచ్చింది. కౌసల్య ముందుగాల ఒక్కటే అడిగింది.

"ఇది ఎవరి లెక్క మేడం?"

"రాష్ట్రానిది."

"అయితే ఒక్కదాన్నే."

మొన్న ఎండకాలం మళ్ళ అదే టీచర్, అదే గడప. మిట్ట మధ్యాహ్నం. ఈసారి జనాభా లెక్క. నేను పక్కనే నిలవడ్డ.

"ఇది ఎవరి లెక్క?"

"ఢిల్లీది."

"అయితే ఇద్దరం."

టీచర్ నా మొఖం చూసింది. నేను లోపలికి చూసిన. లోపలి అర్రల ఫ్యాను తిరుగుతున్నది. దాని కింద ఒక కుర్చీ. కుర్చీల ఎవ్వరు లేరు.

"ఇద్దరూ... ఈడనే ఉంటున్నరా?"

"ఎటు పోతడు?" అన్నది కౌసల్య, దారం కొరుక్కుంట.

టీచర్ ఫోన్ల ఇద్దరని నొక్కి, ఇచ్చిన మంచినీళ్ళు గూడ తాగకుండ బయటవడ్డది. గల్లీ చివర పట్టుకున్న. "ఏంది బిడ్డా, లెక్క ఒకపారి ఢిల్లీది, ఒకపారి మనది?"

"రాజ్యాంగంల పనులు పంచిన్రు పెద్దమ్మా. జనాభా లెక్క ఢిల్లీ చేతుల. పోలీసులు రాష్ట్రం చేతుల. రేషన్ కార్డుల పేరు ఉంచుడు, తీసుడు రాష్ట్రమే. ఆధార్ ఢిల్లీది."

"మా ఇంట్ల ఉప్పుడబ్బ కోడలి చేతుల, రిమోట్ నా చేతుల, గట్లనా? మరి నీ జీతం?"

"రాష్ట్రం ఇస్తది. పని ఢిల్లీది చేస్తున్న. నన్ను గూడ పంచుకున్నరు."

"మరి మనిషి ఎవరి చేతుల?"

టీచర్ నవ్వుతదనుకున్న. నవ్వలే. ఆమె జబ్బల మీద వెంట్రుకలు నిక్కినయ్, అంత ఎండల.

ఇద్దరన్న ముచ్చట నేను గిర్నామెకు ఒక్కదానికే చెప్పిన. పొద్దూకేవరకు మొగోణ్ణి దాచిందన్నరు. పాపం నాకే తగిలింది. ఇగ అడిగితేనే తెగుతదని మర్నాడు పోయిన.

కుర్చీల కూసోబోతే కౌసల్య చెయ్యి పట్టి ఆపింది. "ఆడ కాదు సైదమ్మక్కా, ఇటు జరుగు." సీటు మీద నా చెయ్యి ఆనింది. ఇల్లంత ఉడికిపోతుంటె, అది ఒక్కటే సల్లగున్నది, తడిబట్ట లెక్క.

"కౌసల్యా, నిజం చెప్పు. నువ్వొక్కదానివే గదా. ఇద్దరని ఎందుకు రాయించినవ్?"

సూది చీరకు గుచ్చి పక్కకు పెట్టింది. లోపలున్నోళ్ళకు వినవడొద్దన్నట్టు గొంతు తగ్గించింది.

"కార్డుల పేరు తీసేసిన కాడికెల్లి తింటలేడక్కా. ఫైలు మూసిన కాడికెల్లి గడప దాటుతలేడు. గవి రాష్ట్రం చేతులవి, తీస్కున్నరు. ఢిల్లోళ్ళ ఆధార్ కార్డుల మొఖం ఒక్కటి ఉన్నది, గా మొఖం ఒక్కటే మిగిలింది నాకు. నేనే నోరార ఒక్కదాన్నని రాయిస్తే, రేపు గా కుర్చీల ఏముంటది చెప్పు?"