పొగమంచులో పడిన హాజరు

డిసెంబరులో అరకులో సాక్సులు ఆరవు. లాడ్జి మేనేజరుతో ఈ మాట అంటే, "ఆరతాయి సార్, మార్చికి" అన్నాడు. రెండేళ్ళ కిందట అక్కడ పని చేసిన వారమంతా నాకు తడి సాక్సులతోనే గడిచింది. అందుచేత, ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నా ఒళ్ళు చల్లబడడానికి వాటి వాటా ఎంతో కచ్చితంగా చెప్పలేను.

నాది విశాఖలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంప్లిమెంటేషన్ ఉద్యోగం. అంటే, అమ్మినవాళ్ళు చెప్పిన మాటలకూ అందిన సరుకుకూ మధ్య ఖాళీలో నిలబడే పని. ఆసారి వెళ్ళింది అనంతగిరి దారిలో పిల్లలకు పరుగు నేర్పే ఒక అకాడమీకి. హాజరు, గ్రౌండ్ టైములు, హాస్టల్ సీట్లు, ఇళ్ళకు పంపే మెసేజీలు, అన్నీ ఒక్కచోటికి తేవాలి. అంతకు రెండు నెలల ముందే ప్రతి పిల్ల జెర్సీలోనూ ఒక చిప్పు కుట్టించాం. ట్రాకు మొదట్లో రీడర్ మ్యాట్ పరిచాం. జెర్సీ దాన్ని దాటితే చాలు, హాజరూ పడుతుంది, చుట్టుకు పట్టిన టైమూ పడుతుంది. వరసగా పక్షం రోజులు హాజరు పడకపోతే సీటు దానంతటదే వెయిటింగ్ లిస్టులో తర్వాతి పిల్లకు వెళ్ళిపోతుంది. అది అకాడమీ నడిపే ట్రస్టువాళ్ళు అడిగి పెట్టించుకున్న రూలు.

కోచ్ సత్యం మాష్టారు విజయనగరం వైపు మనిషి. నన్ను గదిలోకి పిలిచి లాప్‌టాప్ చూపించారు.

"ఏటి బాబూ ఇది? సోంబారి మంచం పట్టి పక్షం దాటిపోనాది. నీ మిషనేమో రోజూ పొద్దున్నే వచ్చి పరిగెడతందంటాది!"

సోంబారి ఆ అకాడమీలో అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్ల. ఒక మంచు పొద్దున అందరికంటే ముందు పరిగెడుతూ, మూడో మలుపులో తన పక్కన ఇంకెవరివో అడుగులు వినిపిస్తే తిరిగి చూసిందట. అక్కడే పడిపోయింది. లేపినవాళ్ళతో ఆ ఒక్క సంగతే చెప్పింది. డాక్టరు పరీక్షల్లో ఏమీ తేలలేదు. అప్పటినుంచీ ఇంట్లో పడుకునే ఉంది, తినదు, మాట్లాడదు.

"దీన్ని ఘోస్ట్ రీడ్ అంటాం మాష్టారూ. లేని చిప్పును ఉన్నట్టు చదవడం. తేమకు అలా జరుగుతుంది. పేరు నేను పెట్టలేదు."

"అయితే ఆ హాజరు తీసీ." మళ్ళీ ఆయనే, "తీసేత్తే సోంబారి గుంట సీటో?" అన్నారు.

"పోతుంది."

ఆయన కిటికీ వైపు తిరిగారు. కిటికీలో ట్రాకు లేదు, తెల్లదనం ఉంది.

తీసేసే ముందు ఒకసారి చూద్దామని మర్నాడు తెల్లవారుతూనే ఆ గదిలో కూర్చున్నాను. పిల్లలింకా రాలేదు. తెర మీద పడింది: సోంబారి, హాజరు.

బయటికి వెళ్ళాను. ముందు గొంతు వినిపించింది.

"సోంబారీ... రాయే అమ్మా... ఇంటికి పోదాం రాయే..."

నేను బీటెక్ చదివాను. ఆ క్షణాన అందులో ఒక్క సబ్జెక్టూ గుర్తు రాలేదు.

మంచులోంచి ఒక ముసలామె వచ్చింది. భుజం మీది కర్రకు సోంబారి జెర్సీ తగిలించి ఉంది. పిల్ల అమ్మమ్మ అని తర్వాత మాష్టారు చెప్పారు. జడుసుకున్న చోట మనిషి ప్రాణం కొంత జారిపడిపోతుందనీ, ఆ మనిషి బట్ట పట్టుకెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఇంటికి తెచ్చుకోవాలనీ వాళ్ళ నమ్మకం. ఏమీ అడగొద్దని చేత్తో సైగ చేసింది. వెనకాలే నడిచాను.

మూడో మలుపు దగ్గర ఆగి జెర్సీని రెండు చేతులా విప్పి పట్టుకుంది, చిన్నపిల్లకు తొడిగేటప్పుడు పట్టుకున్నట్టు. ఎవరో చేతులు దూర్చేదాకా ఆగినట్టు ఆగింది. తర్వాత కదిలింది. అక్కణ్ణించి నా వెనక తడి బూట్ల చప్పుడు వినిపించింది. నా బూట్లవే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆమె మోకాళ్ళకు ఒక్క చుట్టే గగనమైంది. గదిలోకి వచ్చి చూస్తే, ఆ ఒక్క చుట్టు సేపట్లో తెర మీద చుట్టు మీద చుట్టు పడి ఉంది. తేమకు పడే రీడ్లు ఇష్టమొచ్చినట్టు పడతాయి. ఇవి అలా లేవు. మొదట వేగం, మధ్యలో కొంచెం అలుపు, చివర మళ్ళీ వేగం. సోంబారి పాత టైములతో పోల్చి చూశాను. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

ఆ అకాడమీ నాకు నేర్పిన పాఠం చిన్నదే. మా సాఫ్ట్‌వేర్‌లో పిల్ల వచ్చినట్టు రాయొచ్చు, రానట్టు రాయొచ్చు. ఒంట్లో బాగోలేదని రాయడానికి చోటు లేదు. ట్రస్టువాళ్ళకు ఫోన్ చేసి ఒప్పించి, సిక్ లీవ్ అనే గడి చేర్చాను. సోంబారి సీటు నిలబడింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ గడి పెట్టాకే మిగతావి మొదలుపెడతాను.

ఆ పొద్దున గడి చేర్చి బయటికి వచ్చేసరికి ముసలామె గట్టు మీద కూర్చుని మాష్టారిచ్చిన టీ తాగుతోంది. వెళ్ళి చెప్పాను.

"అమ్మా, మీ మనవరాలి సీటు ఎక్కడికీ పోదు. మిషన్ తప్పుగా వేసిన చుట్లు మాత్రం తుడిచేస్తాను."

"ఏ సుట్లు?"

"మీరు నడవనివి."

ఆమె గ్లాసు కింద పెట్టి, జెర్సీని ఒళ్ళోకి లాక్కుంది.

"నాను నడిసింది ఒకటే బాబూ. మిగతాయి అది పరిగెట్టింది. తుడిసేసి, దాన్ని మళ్ళీ ఆ మలుపుకాడే ఒగ్గేత్తావేటి?"