రమణక్క రేపటికి వండిన పులుసు

పక్కింటి పొయ్యి మీద మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడుకుతోంది. ఆ వాసనకు హైవే మీద నాలుగు లారీలైనా ఆగి ఉంటాయి. నేనైతే ఏకంగా పదేళ్లు వెనక్కి, చిల్లకూరులోని ఒక అద్దె ఇంటి వంటగదిలో వెళ్లి పడ్డాను.

పుట్టుకతో బుద్ధి ఎదుగుదల తక్కువైన నలుగురు వయసు మళ్లినవాళ్లు ఉండే ఇల్లది. నేను మేనేజర్ని. నడుముకు తాళాల గుత్తి, చంకలో నిబంధనల పుస్తకం; ఉదయగిరి కోటకైనా అంత కాపలా ఉండి ఉండదు. నలుగురిలో పెద్దావిడ రమణక్క, అరవై దాటిన మనిషి. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టింది. అమ్మ పోయాక నలభై ఏళ్లు ఒక పెద్ద హాస్టల్లో గడిపింది. అక్కడ ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చినవాళ్లు లేరు.

మా ఇంటికొచ్చిన నెలకు, అమ్మ చేతులు ఎలా కదిలేవో గుర్తుచేసుకుంటూ ఒక్కతే పులుసు పెట్టింది. ఎవరికీ వడ్డించలేదు. ఏ రోజు వంట ఆ రోజే అయిపోవాలి, మిగిలింది పారబోయాలి అని నా పుస్తకంలో ఉంది. సాయంత్రం ఆ దాకెడు సముద్రాన్ని తూములో కలిపేశాను. చేపల పులుసుకు మర్నాడే రుచి అని తెలిసిన నెల్లూరోణ్ణి! పైలోకంలో మా ఏడు తరాలవాళ్లు నెత్తి బాదుకుని ఉంటారు.

పొద్దున్నే ఖాళీ దాక చూసింది.

"పారబోసినావా సామీ?"

"రూలక్కా."

"రేపటికి గదా చేసినా." దాకను బోర్లించి, "ఇదీ హాస్టలేలే" అంది.

ఆ తర్వాత వంటగది గడప తొక్కలేదు. నాలుగో రోజు నేనే చేప తెచ్చి బతిమాలాను. చేప మొప్ప ఎత్తి చూసి, "ఇది నీకంటే ముసిలిది. పద, నేనొస్తా" అంది. బజార్లో తనే ఏరింది, తనే వండింది. చీకటిపడేదాకా గరిటె పట్టుకుని దాక ముందే స్టూలు వేసుకుని కూర్చుంది. భీముడి గద ఆ గరిటె ముందు పుల్ల.

తెల్లారి, చెప్పాపెట్టకుండా తనిఖీ అధికారి దిగాడు. మూత తీశాడు.

"నిన్నటి కూరా! ఎవరుంచమన్నారు?"

నేను నిబంధనల పుస్తకం వెనక దాక్కోబోయాను. రమణక్క లేచింది.

"నేనే. ఇది మా ఇల్లు సారూ. బూట్లు బయట ఇడిచిపెట్టి రా, కూసో."

ఆయన బూట్లు విడిచి వచ్చి కూర్చున్నాడు. మూడోసారి అన్నం పెట్టించుకున్నాక కాగితం మీద రాశాడు: వంట రమణమ్మగారి ఇష్టం.

నలభై ఏళ్లు ఏ పూట ఏం తినాలో ఇంకొకరు చెప్పగా తిన్న మనిషి, తనకంటూ ఒక రేపు ఉందని నమ్మి పొయ్యి వెలిగించింది. దానికంటే పెద్ద ధైర్యం నేను చూడలేదు. ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు.

ఆమె పోయి రెండేళ్లు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అడుగున గరిటెడు కూర మిగిలిన గిన్నెనైనా పారబోసే ముందు, వంటగది గడప బయటే నిలబడి తనని అడుగుతాను.

"ఇది రేపటికా?"