నలభై ఒక్క తప్పులు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంట్‌కి నీళ్ళ ట్యాంకర్ తెచ్చే డ్రైవరు నవల రాశాడంటే మొదట నవ్వుకున్నాను. సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాడట. అట్ట మీద బొమ్మ మసకగా ఉంది, లోపల అక్షరాలు ఒక పేజీలో లావుగా, ఇంకో పేజీలో సన్నగా ఉన్నాయి.

"చదివి ఎట్లుండాదో చెప్పప్పా. రెండో భాగం రాస్తాండా" అన్నాడు.

బెంగళూరులో చివరి బోరు కూడా ఎండిపోయి, జనమంతా వెళ్ళిపోయాక మిగిలిన ఒక ముసలావిడ కథ అది. ఖాళీ అపార్ట్‌మెంట్లలో ఒక్కో అంతస్తూ ఎక్కి, గోడకు చెవి ఆనించి, పైపుల్లో నిలిచిపోయిన నీళ్ళ కోసం వెతుకుతూ ఉంటుంది. ఆఫీసు బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఒక పుస్తకం నన్ను అట్లా లాక్కెళ్ళి ఎన్నేళ్ళయిందో. రెండు రోజులు కుళాయి తిప్పాలన్నా భయమేసింది.

ఆ మాటే చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. మేం దొరికిన తప్పులే రాస్తాం. ఏమీ రాయలేదంటే బాగున్నట్టే లెక్క. అలవాటు కొద్దీ ఎక్సెల్ షీటు తెరిచాను. పేజీ, తప్పు, తీవ్రత. పదో పేజీలో ఖాళీ అయిన సీసాలోంచి పన్నెండో పేజీలో తాగింది. పది రోజుల్లో రెండు పౌర్ణములు వచ్చాయి. మొత్తం నలభై ఒకటి తేలాయి. ఎంత శ్రద్ధగా చదివానో చూసి మురిసిపోతాడనుకుని వాట్సాప్‌లో పంపాను. నా తెలివి తగలెయ్య.

మూడు వారాల తర్వాత సంపులోకి పైపు దించుతూ కనిపించాడు. రెండో భాగం ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"నిలిపేసినానప్పా. నోటుబుక్కులు నీళ్ళు కాగే పొయ్యిలో ఏసేస్తి. అన్ని తప్పులుండాయంటే ఇంగ నాకు రాసేది రాదనే గదా."

"నాకు చాలా నచ్చిందన్నా. ఆ మాట రాయడమే మర్చిపోయాను."

"నాకు బేజారవుతుందని ఇప్పుడు చెప్తాండావు" అని నవ్వాడు. కోప్పడినా బాగుండేది. ఎంత చెప్పినా నమ్మలేదు. అంత ఇష్టపడిన పుస్తకానికి రెండో భాగం లేకుండా చేసింది నేనే. ఇక ఏం చేసినా అది రాదు.

ట్యాంకర్ ఖాళీ అయింది. పైపు చుట్టుకుంటూ అన్నాడు: "పోనీలే అప్పా. మా ఇంట్లో గూడా ఎవురూ చదవలా. కడదాకా చదివింది నువ్వొక్కడివే."