సభలో సవాల్

నిన్న టీవీలో శాసనసభ చూస్తుంటే ఒక సభ్యుడు ప్రశ్న అడగడానికి లేచి నిలబడ్డాడు. మేడ్చల్‌లో ఉన్నప్పటి మా నాయిన గుర్తుకొచ్చాడు.

నిజాం రాజ్యం చివరి రోజులవి. నాయిన హైదరాబాదులో సభకు చప్రాసీ. సభ్యులు రాసిన కాగితాలు మంత్రులకు అందించడం ఆయన పని. రోజూ పొద్దున్నే రైలెక్కేవాడు. అప్పుడు నాకు ఏడేళ్లు.

ఒక సాయంత్రం అమ్మతో అన్నాడు, "రేపు సభల మన మేడ్చల్ గురించి సవాల్ ఉంది. మంత్రి జవాబు జెప్పాలె."

నాకు తెలిసిన సవాల్ ఒక్కటే, షామీర్‌పేటలో పహిల్వాన్లు తొడగొట్టి విసిరేది. బక్కపలచని నాయిన వాళ్ల మధ్య నలిగిపోతాడనుకున్నాను. చప్రాసీ గుర్తుగా పెట్టుకునే ఇత్తడి బిళ్ళ లేనిదే ఆయన్ను సభలోకి రానివ్వరు. తెల్లారగానే దాన్ని జొన్నల గంపలో దాచేశాను.

నాయిన ఇల్లంతా వెతుకుతుండగానే రైలు కూత వినబడింది. ఏడుస్తూ చెప్పేశాను, "ఆడ నిన్ను గొడ్తరు నాయినా, పోకు."

ఆయన కోప్పడలేదు. "ఉర్దూల సవాలంటె కొట్లాట గాదు బిడ్డా, అడుగుడు. మన ఊర్ల ఆడపిల్లలకు బడి ఎందుకు లేదని అడుగుతున్నరు. గది నా చెవులతోని ఇందామనుకున్న."

రైలు తప్పిపోయి ఆయన బస్సులో వెళ్లేసరికి సభలో అంతా అయిపోయింది.

సాయంత్రం అడిగాను, "జవాబేం జెప్పిన్రు?"

"ఆలోచిస్తమన్నరంట."

ఆ బడి వచ్చేసరికి నాకు చదివే ఈడు దాటిపోయింది. దానికి ఇప్పుడు బాధ లేదు. రోజూ ఎవరెవరి ప్రశ్నలనో మోసిన మనిషి, తన బిడ్డకు పనికొచ్చే ఒక్క ప్రశ్నను నా మూలంగా వినలేకపోయాడు.