నేల విడవని కారు

పోయిన వారం ఆఫీసు పని మీద మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో నీళ్ళ ట్యాంకులు తయారుచేసే ఒక షెడ్డుకు వెళ్ళాను. తలుపు తీయగానే పచ్చి రెసిన్ వాసన ముక్కులో గుచ్చుకుంది. ఫైబర్‌గ్లాసు గుడ్డ మీద పూసి గట్టిపరిచే ఆ జిగురు వాసన చాలామందికి తలనొప్పి తెప్పిస్తుంది. పక్కనున్న మేనేజరు మర్యాదగా మాస్కు అందించాడు. నేను సిగ్గు విడిచి ఇంకో రెండుసార్లు గట్టిగా పీల్చాను. ఆ క్షణంలో నేను మెల్‌బోర్న్‌లో లేను, నలభై దాటిన ఇంజినీరునూ కాను. పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో, దేవసహాయం అంకుల్ గరాజులో ఉన్నాను.

నేను యూనిలో మెకానికల్ చదివే రోజుల్లో వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. మాది వరంగల్. అంకుల్‌ది నరసాపురం దగ్గర పల్లె. ఆయన సిటీ బస్సు డ్రైవరు, భార్య కరుణ ఆంటీ వృద్ధుల హోమ్‌లో నర్సు. వారమంతా స్టాపు స్టాపుకూ ఆగుతూ, ముసలమ్మలు సీట్లో కూర్చున్నాకే కదులుతూ బస్సు నడిపే ఆ మనిషి, ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల చొక్కా విప్పేసి గరాజులోకి దూరేవారు. అక్కడ ఆయన రెండో ప్రాణం ఉండేది. డెబ్బైల నాటి ఎర్ర మజిల్ కారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, బస్సుకు సరిపోయేంత ఇంజిను. దాన్ని స్టార్ట్ చేస్తే మా వంటింట్లో గిన్నెలు గణగణమనేవి.

ఆ సెమిస్టరులో నేను ఫ్లూయిడ్ మెకానిక్స్ తప్పాను. గాలీ నీళ్ళూ ఎలా కదులుతాయో చెప్పే సబ్జెక్టు అది. మూడు రోజులు గది తలుపు వేసుకుని కూర్చున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. నా తప్పు నేను ఒప్పుకోవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ చచ్చేంత భయం. ఆంటీ ఎలాగో కూపీ లాగి అంకుల్ చెవిన వేసినట్టున్నారు. మర్నాడు ఆయన నా తలుపు తట్టారు.

"ఏవమ్మా ఇంజినీరు గారూ, గాలి పరీక్ష తప్పావంట కదా? మా కారూ అదే సబ్జెక్టులో తప్పింది. రా, ఇద్దరూ కలిసి చదువుకోండి."

కారు తప్పిన కథ ఇదీ. ఊరి బయట రేసు ట్రాకులో ఏడాదికి కొన్నిసార్లు సొంత కార్లు తెచ్చుకుని నడుపుకోనిస్తారు. అంతకుముందు వెళ్ళినప్పుడు తిన్నటి దారిలో వేగం గంటకు నూట అరవై కిలోమీటర్లు దాటగానే ముందు చక్రాలు తేలిపోయాయట. స్టీరింగు తిప్పినా కారు మాట వినలేదు. గడ్డిలోకి దూసుకుపోయి, గోడకు నాలుగు అడుగుల దూరంలో ఆగింది. కంచె దగ్గర నిలబడ్డ ఆంటీ అంతా కళ్ళారా చూశారు.

"గాలి కిందకి దూరి ముక్కుని పైకెత్తేస్తందమ్మా. నా కారు నేల విడిచి సాము చేస్తంది," అన్నారు అంకుల్.

దానికి మందు స్పాయిలర్. ముందు బంపరు కింద అడ్డంగా, నేలకు దగ్గరగా బిగించే పలక. గాలిని కారు కిందకు పోనివ్వకుండా పక్కలకు మళ్ళిస్తుంది. అంత పాత కారుకు సరిపోయేది బజార్లో దొరకదు, మనమే చేసుకోవాలి. ఏడు వారాల్లో మళ్ళీ ట్రాకు రోజు. ఆంటీ తన షరతు అన్నం వడ్డిస్తూనే చెప్పేశారు.

"ఈసారి పక్క సీట్లో నేను కూచుంటాను. నాకు భయం వేసిందా, సోమవారం కారు అమ్మేస్తన్నాం. ఫైనల్."

కొనడానికి మనిషి సిద్ధంగానే ఉన్నాడు. వీధి చివర టైర్ల షాపు గ్రెగ్ ఎప్పుడు కనపడ్డా ఆ కారు ధరే అడిగేవాడు.

అంకుల్ పని పద్ధతి నాకు మొదట్లో పిచ్చెక్కించింది. నేను రెండు రాత్రుల్లో కోణమూ లోతూ లెక్కలు కట్టి కాగితం తెచ్చాను. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "బాగుందమ్మా. ఇప్పుడు దారాలు ఏమంటాయో అడుగుదాం," అన్నారు. ఆంటీ అల్లిక ఊలు తెచ్చి జానెడు జానెడు ముక్కలుగా కోసి బంపరు పొడవునా టేపుతో అంటించాం. బియ్యం బస్తాలు వచ్చిన అట్టపెట్టెను కోసి మొదటి స్పాయిలర్ చేశాం. కత్తెర పెట్టే ముందు ఆయన ప్రార్థన చేశారు. పెద్ద ప్రార్థన. అందులో నా సప్లిమెంటరీ పరీక్ష, ఆంటీ మోకాళ్ళు, బస్సు ప్రయాణికులు, అందరూ వచ్చారు. నేను కత్తెర పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను.

ఆదివారం మా పేటలో గోదాముల మధ్య రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఎర్ర కారులో అంకుల్, పక్కనే తన చిన్న తెల్ల కారులో ఆంటీ. ఆంటీ పక్కన నేను, కిటికీలోంచి దారాలు చూస్తూ. అట్ట కట్టకుండా నడిపినప్పుడు దారాలన్నీ బంపరు కిందకు దూరి రెపరెపలాడాయి. పుస్తకంలో గీతలుగా చూసి అర్థంకాక ఏడ్చిన గాలి నా కళ్ళ ముందు కనబడుతోంది! అట్ట కట్టి మళ్ళీ పోతే దారాలు సగం పక్కకు తిరిగాయి. "ఆంటీ, తిరిగినయ్! తిరిగినయ్ చూడుండ్రి!" అని నేను కేకలు. "నేను రోడ్డు చూడాలా, దారాలు చూడాలా?" అని ఆంటీ అరిచారు. కానీ ఆవిడా చూసే ఉంటారు, ఎందుకంటే తెల్ల కారు కాస్త వంకర పోయింది. అలా పదకొండు అట్టలు కోశాం. పదకొండోదానికి దారాలన్నీ చక్కగా పక్కలకు పడుకున్నాయి. నా లెక్క కంటే అది రెండు అంగుళాలు లోతు. కాగితం చించి పారేద్దామంటే అంకుల్ ఒప్పుకోలేదు.

ఆ అట్ట కొలతలతో అచ్చు తయారుచేశాం. ఆ అచ్చులో రెసిన్‌తో ఫైబర్‌గ్లాసు పరిస్తే స్పాయిలర్ వస్తుంది. దానికి ముందు అచ్చుకు మైనం పట్టించాలి.

"మైసూరుపాకు పోసేముందు పళ్ళేనికి నెయ్యి రాయవా? రాయకపోతే ముక్క ఊడిరాదు. ఇదీ అంతే. రాయి, ఆరనీ, తుడువు, మళ్ళీ రాయి. ఏడు పూతలు. అనుమానం వస్తే ఆపి నన్నడుగు."

ఆ శనివారం ఆయనకు డ్యూటీ. పని నాకు అప్పగించి వెళ్ళారు. నేను ఆరంభశూరురాలిని కదా, మొదటి రెండు పూతలూ దండిగా పట్టించాను. మూడో పూతకే డబ్బా అడుగంటింది. అప్పటికే దుకాణాలు మూసేశారు. మర్నాడు చర్చి అయ్యాక రెసిన్ పరచాలి. మైసూరుపాకు మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నెయ్యి పనిచేస్తే కొబ్బరినూనె ఎందుకు చేయదు? పెర్త్‌లో జూలై అంటే చలికాలం, సీసాలో నూనె రాయిలా గడ్డకట్టి ఉంది. మైక్రోవేవ్‌లో కరిగించి మరీ అచ్చంతా పూసి, మెరిసేదాకా తుడిచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆదివారం అంకుల్ వచ్చి అచ్చు మీద వేలు ఆనించి, "అద్దంలా చేశావమ్మా," అన్నారు. నేను మైనం అయిపోయిన మాట చెప్పలేదు. ఆ పూటే ఆయన రెసిన్‌లో గట్టిపడే మందు చుక్కలు లెక్కపెట్టి కలిపితే, ఇద్దరం అచ్చులో పరిచాం.

సోమవారం సాయంత్రం స్పాయిలర్ అచ్చులోంచి ఊడిరాలేదు. చెక్క మేకులు దూర్చాం, వేడినీళ్ళు పోశాం. ఆఖరికి గట్టిగా లాగితే ఫటేల్‌మని అచ్చూ స్పాయిలరూ కలిసి మూడు ముక్కలయ్యాయి. ఐదు వారాల పని గచ్చు మీద పడింది. అంకుల్ ఒక ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత తన చేతులు చూసుకున్నారు.

"గట్టిపడే మందు కొలత తప్పేసుంటానమ్మా. చుక్కలు లెక్కపెట్టింది నేనే కదా. చెయ్యి తప్పతంది."

నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. మంగళవారం చెబుదామనుకున్నాను, బుధవారం అనుకున్నాను. ఆయన గరాజు తలుపు తీయడం మానేశారు. గురువారం ఆంటీ కూరగాయలు తరుగుతూ చెప్పారు. "శనివారం గ్రెగ్‌ని రమ్మన్నారమ్మా, కారు ఇచ్చేస్తారంట. అది పోతే పోయింది. డ్యూటీ కూడా మానేద్దామా అంటన్నారు. చిన్న కొలతే చూసుకోలేనోణ్ణి, నలభై మందిని ఎక్కించుకుని ఎలా తిప్పను అని..." ఆంటీ మళ్ళీ కూరగాయల మీదకు వంగారు.

శుక్రవారం ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గరాజులో నిలబడి ఉన్నాను.

"అంకుల్, మీ చెయ్యి తప్పలే. తప్పు నాది. మైనం అయిపోతే కొబ్బరినూనె రాసిన. మీకు చెప్పలే."

ఆయన చేతిలో సంచి కింద పెట్టారు. "జూలైలో కొబ్బరినూనె ఎలా రాశావు?" అన్నారు.

"మైక్రోవేవ్‌ల కరగబెట్టిన."

ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు. ఆ నవ్వుకు ఆంటీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. "కరుణా! నా చేతులు బానే ఉన్నాయే! ఈ పిల్ల అచ్చుకి తలంటింది!" అంటూ రెండు చేతులూ ఎత్తి ఆవిడకు చూపించారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం నేను చూడలేదు, అంత సిగ్గూ ఎప్పుడూ పడలేదు. నవ్వడం ఆగాక ఆయన ముఖం మారింది.

"తప్పు చేసినందుకు నాకు కోపం లేదమ్మా. అందరం చేస్తాం. నాలుగు రోజులు నన్ను చూస్తా ఊరుకున్నావు చూడు, దానికుంది. వెళ్ళి గ్రెగ్‌కి ఫోన్ చెయ్యి. కారు అమ్మట్లేదని నువ్వే చెప్పు."

చెప్పాను. గ్రెగ్ తిట్టిన తిట్లు కూడా నేనే తిన్నాను.

ట్రాకు రోజుకు తొమ్మిది రోజులే మిగిలాయి. మళ్ళీ అచ్చు చేసే వ్యవధి లేదు. అచ్చు లేకుండానే చేద్దామన్నాను. రెసిన్‌కు కరగని రకం నురుగు దిమ్మను, అంటే గట్టి ఫోమును, పదకొండో అట్ట ప్రకారం చెక్కి, దానిమీదే గుడ్డ పరిచేసి, నురుగును లోపలే ఉంచేస్తే సరి. అంకుల్ తల గోక్కున్నారు. "బరువెక్కుద్ది. అందంగా కూడా ఉండదు." ఒక్క క్షణం ఆగి, "కానీ గాలికి అందంతో పనేంటి? కానీ!" అన్నారు. ఆ తొమ్మిది రోజులు నేను క్లాసుల్లో కూర్చున్నానో గరాజులో కూర్చున్నానో నాకే తెలియదు. ఒళ్ళంతా గాజు నూకకు దురద. జుట్టులో నురుగు రజను. ఈసారి మందు చుక్కలు అంకుల్ లెక్కపెట్టారు, బయటికి, గట్టిగా, ఇంగ్లీషులో కాదు, తెలుగులో. నేను ప్రతి పనీ చేసేముందు పైకి చెప్పి చేశాను.

ట్రాకు రోజున ఆంటీ చీర మానేసి ప్యాంటు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, సీటు బెల్టు మూడుసార్లు లాగి చూసుకుని కూర్చున్నారు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. మొదటి చుట్టు మెల్లగా. రెండో చుట్టులో తిన్నటి దారిలోకి తిరగగానే ఇంజిను గర్జించింది. ముక్కు లేస్తుందా? ఎర్ర కారు నా ముందు నుంచి నేలకు అతుక్కుని, గీత గీసినట్టు తిన్నగా దూసుకుపోయింది. మా వంకర టింకర నల్ల పలక కింద దుమ్ము పక్కలకు చీలిపోయింది. నేను గెంతాను. పక్కన నిలబడ్డ ముక్కూ ముఖం తెలియని పెద్దాయన్ని పట్టుకుని ఊపేశాను.

కారు వచ్చి ఆగింది. ఆంటీ దిగి హెల్మెట్ తీశారు. జుట్టంతా చెదిరి ఉంది, ముఖం గంభీరంగా ఉంది. అంకుల్ స్టీరింగు వదలకుండా తీర్పు కోసం చూస్తున్నారు.

"ఏవండీ," అన్నారు ఆంటీ, "ఆ రెండో మలుపు దగ్గర అంత నెమ్మదిగా పోయారేం?"

తర్వాత ట్రాకు నడిపే క్లబ్బు వాళ్ళు చుట్టూ మూగి, ఈ వికారమైన వస్తువు ఎవరు చేశారని అడిగితే, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశారు. కొబ్బరినూనె కథ కూడా నా చేతే చెప్పించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సప్లిమెంటరీ పరీక్ష కూడా పాసయ్యాను.

అంకుల్ పోయి నాలుగేళ్ళయింది. కారు ఆంటీ దగ్గరే ఉంది. ఉద్యోగంలో నేను తప్పులు చేయకుండా ఏమీ లేను. అయితే తెలిసిన రోజునే చెప్పేస్తాను. నాకేదో గొప్ప నిజాయితీ ఉందని కాదు. నేను దాచిన తప్పు ఎక్కడికీ పోదని, పాపం ఎవరో తమదే అనుకుని మోస్తూ ఉంటారని నాకు తెలుసు కాబట్టి. పోయిన ఏడాది ఒక పైపులైను లెక్కలో ఒక అంకె తప్పేశాను. దూరంగా సైటులో ఇద్దరు వెల్డర్లు తమ పనే చెడిందనుకుని అతుకులన్నీ ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటున్నారని తెలిసింది. ఫోన్ చేస్తే సరిపోయేది. గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్ళి, "మీ అతుకులు బాగున్నాయి, తప్పు నాది," అని వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. పెద్దవాడు ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, వెనక్కి తిరిగి, "మనం కాదంటోయ్!" అని రెండోవాడికి వినబడేలా అరిచాడు. తిరిగొచ్చేటప్పుడు దారిపొడవునా అంకుల్‌తో మాట్లాడుతూనే ఉన్నాను.