వెనక గేటు తాళం

జగిత్యాల నుంచి బతుకుదెరువుకు వచ్చి మేం ఉంటున్న ఈ హిందీ మాట్లాడే మిల్లుల ఊళ్లో, కరోనా మొదటి ఏడాది మా అపార్ట్‌మెంట్ల సొసైటీ వెనక సందులో ఒకాయనకు జ్వరం వచ్చింది. వెంటనే వెనక గేటుకు వెదురు బొంగులు కట్టి తాళం వేశారు. ఆయన కోలుకుని మళ్లీ మగ్గాల పనికి వెళ్లాడు. బొంగులను ఎవరో గణపతి పందిరికి పట్టుకుపోయారు. తాళం మాత్రం ఉండిపోయింది.

ఆ గేటు దాటితే కూరగాయల మార్కెట్ పది నిమిషాల నడక. మా ఆవిడ రోజూ పొద్దున్నే మా జగిత్యాల వైపు ఆడవాళ్లతో కలిసి, ఎవరి అత్తగారి సంగతి వాళ్లు చెప్పుకుంటూ నడిచి వెళ్లేది. ఆమెకు షుగర్. ఈ నడకే సగం మందు అని డాక్టర్ చెప్పాడు. గేటు మూశాక ముందు రోడ్డు మీదుగా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. ఆ రోడ్డంతా మిల్లు టెంపోలు, దుమ్ము. ఫుట్‌పాత్ ఉంది గానీ దాని మీద పానీపూరీ బండ్లున్నాయి. ఒకరోజు టెంపో ఒకటి ఆమె కొంగును రాసుకుంటూ పోయింది. ఆ తర్వాత ఆమె వెళ్లలేదు.

పావుకిలో పచ్చిమిర్చికి నేను స్కూటర్ బండి తీయడం మొదలుపెట్టాను. అందరూ అదే పని. తిరిగొచ్చి ఆ బండ్లన్నీ మూసిన గేటుకే ఆనించి పెట్టేవాళ్లం, చోటు ఖాళీగా ఉంది కదా అని. కింది ఇళ్లవాళ్లు పొగకు కిటికీలు మూసుకున్నారు. మా ఆవిడ వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి నడిచేది. దారిలో టీవీ ఉండటంతో నడక తరచూ ఆగిపోయేది. షుగర్ పెరిగింది. అరికాళ్లు మొద్దుబారుతున్నాయంటే నాకు నిజంగా భయమేసింది. వెళ్లి గేటు తెరవమని ప్రముఖ్‌ను, అంటే సొసైటీ పెద్దను, అడిగాను. మీకు బండి ఉంది కదా అన్నాడాయన.

మరుసటి ఏడాది సద్దుల బతుకమ్మ వచ్చింది. బతుకమ్మను ఎత్తుకుని నీళ్ల దాకా నడిచే వెళ్లాలి. కాలువేమో వెనక సందు చివర ఉంది. ప్రముఖ్ మంచి మనసుతోనే టెంపో మాట్లాడతానన్నాడు. ఆడవాళ్లు గేటు ముందు, మా బండ్ల పక్కన బతుకమ్మలు దించి చుట్టూ తిరుగుతూ పాట అందుకున్నారు. తెలిసిన పాటలన్నీ అయిపోయాక మళ్లీ మొదటి పాట ఎత్తుకున్నారు. అప్పుడు ప్రముఖ్ తాళంచెవి తెచ్చాడు. మగవాళ్లం బండ్లు జరిపాం.

తెల్లారి ఆయన తాళం వేయడానికి వచ్చేసరికి మా ఆవిడ సంచీ పట్టుకుని గేటు మధ్యలో నిలబడి ఉంది.

"పూలకు తీసిండు గదా, నాకు తీయడా? జర అడుగు," అంది నాతో.

ఆయనకు తెలుగు రాదు కాబట్టి హిందీలో అడిగాను. ఆయన ఆమె సంచీ వైపు చూసి తాళం జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు తోడుగా నేనూ వెళ్లాను. మార్కెట్ చేరేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆమె ముందు నడుస్తూ, నా కోసం ఆగుతూ వెళ్లింది. అలా నడుస్తున్న ఆమెను చూస్తుంటే ప్రాణం లేచివచ్చింది.

కొన్ని నెలలకు డాక్టర్ ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాడు. ఆమెకు షుగర్ తగ్గింది. నాకు వచ్చింది. ఇప్పుడు సంచీ నేను మోస్తున్నాను.