చీపురు బండి

ఆ రోజుల్లో సీతాఫల్‌మండిలోని మా చర్చికి ఇంగ్లీషు ప్రసంగీకులు ఎవరు వచ్చినా, పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పే పని నాది. అప్పుడే బడిలో టీచరుగా చేరాను కాబట్టి నాకు ఇంగ్లీషు బాగా వచ్చని అందరూ అనుకునేవారు. (నేనూ అనుకునేదాన్ని.) తర్జుమా చేసేవాళ్ళు ఎప్పుడూ ఒక వాక్యం వెనకే ఉంటారు. ప్రసంగీకుడు ఒక జోకు చెప్పి, ముగించి, మొహం గంభీరంగా పెట్టుకుని నరకం దగ్గరికి వచ్చేసరికి, జనం నా నోట ఆ జోకు విని నవ్వుతుంటారు. అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. ఈమధ్య ఆ వెనకబాటు గురించే ఎక్కువగా ఆలోచిస్తున్నాను. అలా ఆ సైకిల్ క్యాసెట్ గుర్తొచ్చింది.

విదేశాల్లో రోడ్ల మీద సైకిల్ పందేలు తొక్కి బతికేవాళ్ళ కష్టాల గురించి తీసిన డాక్యుమెంటరీ అది. ఎవరో అతిథి పాస్టరుగారికి ఇచ్చి వెళ్ళారు. పందెం అన్న మాట వినగానే అది యువజనులకు పనికొస్తుందని ఆయన నమ్మి, టీవీ, వీసీఆర్ కిరాయికి తెప్పించి చర్చి హాల్లో పెట్టించారు. నన్ను టీవీ పక్కన నిలబడమన్నారు. ప్రసంగీకుడైతే మన కోసం ఆగుతాడనీ, క్యాసెట్ ఆగదనీ ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. కాసేపటికే నేను బాగా వెనకబడ్డాను. తెర మీద ఒకతను మోకాలు చీరుకుపోయి, రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. నేనేమో "వీరు ఉదయమున ఆరుగురి భోజనము ఒక్కరే తినుదురు" అంటున్నాను. (హాల్లో నిలబడితే నాకు గ్రాంథికం దానంతట అదే వచ్చేది.) "అతడు కొండ మీదినుండి పడిపోయెను" అన్నప్పుడు చర్చిలో పాటలు పాడించే మా క్వయర్ ఆంటీ అలవాటుకొద్దీ "స్తోత్రం" అన్నది. ఆవిడ గొంతు పెద్దది, హాలంతా వినిపించింది.

అయినా ఎవరూ లేచి వెళ్ళలేదు. అంత ఆశ్చర్యంగా చూశారు. మా వాళ్ళు చూసిన సైకిల్ కష్టమల్లా మైదానంలో గుంజ చుట్టూ రాత్రింబవళ్ళు కాలు కింద పెట్టకుండా తిరిగేవాడిదే. వీళ్ళు వానలో, మంచులో, కొండల మీద తొక్కుతున్నారు. సైకిల్ మీదే తింటున్నారు. మిగతా పనులు కూడా సైకిల్ మీదే కానిస్తున్నారని తెలిసి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, చూడటం మాత్రం మానలేదు. అందరికన్నా వెనక ఒక వ్యాను వస్తుంది. దానికి ఒక చీపురు కట్టి ఉంటుంది. ఇక తొక్కలేనివాడు అందులోకి ఎక్కాలి. ఎక్కగానే వీపు మీది నంబరు పీకేస్తారు. నేను దాన్ని "చీపురు బండి" అన్నాను. జనం ఊడ్చే మున్సిపాలిటీ బండి అనుకున్నారేమో, కాసేపు నవ్వారు. తర్వాత తెర మీద ఒక కుర్రాడు తల వంచుకుని అందులోకి ఎక్కడం చూసి ఊరుకున్నారు.

అప్పుడు వెనక బెంచీ మీంచి మా నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఆ బండిలో గార్డు ఎవరు?"

నాన్న గూడ్సు రైలు గార్డు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడినవారు. ఆయన జీవితమంతా రైలు చివరి డబ్బాలోనే గడిచింది. వెనక క్రాసు గుర్తున్న ఆ డబ్బా దాటాకే స్టేషన్ మాస్టరు రైలు పూర్తిగా వచ్చిందని ఒప్పుకుంటాడనీ, అంతవరకు ఇంజన్ ఎంత ముందుకు పోయినా బండి రానట్టేననీ మాకు అన్నం తినేటప్పుడు చెప్పేవారు. అలాంటి మనిషికి అన్నయ్య కొడుకయ్యాడు. టైపింగు సగంలో వదిలాడు, డిగ్రీ సగంలో వదిలాడు, గిటారు రెండు పాటల దగ్గర ఆగింది. ఆ సంవత్సరం మల్కాజ్‌గిరిలో సైకిల్ షాపు పెట్టుకుంటానని అడిగాడు. నాన్న పేపరు పక్కన పెట్టి, "ముందు ఏదైనా ఒకటి చివరిదాకా చెయ్యి. అప్పుడు అడుగు, వింటాను" అన్నారు. తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

క్యాసెట్ అయిపోయాక పాస్టరుగారు ఆ ఊపులో యువజనులకు సైకిల్ పందెం ప్రకటించారు. మా చర్చి నుంచి మల్కాజ్‌గిరి మీదుగా యాప్రాల్ వెళ్ళి, అక్కడి చర్చిలో నీళ్ళు తాగి తిరిగి రావాలి. అన్నయ్య అందరికన్నా ముందు పేరు ఇచ్చాడు. చీపురు బండి కూడా ఉండాలని కుర్రాళ్ళు పట్టుబడితే, మా వీధి ఆటో అన్న ఒప్పుకున్నాడు. అందులో కూర్చోవడానికి నాన్న లేచి నిలబడ్డారు. ఆయన్ను ఎవరూ అడగలేదు. రైల్వే జెండాలు చర్చి పనికి వాడకూడదని, క్వయర్ పాత గౌన్ల ఆకుపచ్చ గుడ్డతో ఒకటి, మా అమ్మ ఎర్ర జాకెట్టు గుడ్డతో ఒకటి కుట్టించుకున్నారు. చీపురు క్వయర్ ఆంటీ ఇచ్చింది. పాతది పనికిరాదని నాన్న తిప్పి పంపితే కొత్తది కొనుక్కొచ్చింది.

ఆ శనివారం పొద్దున అందరూ మామూలు నల్ల సైకిళ్ళ మీదే బయలుదేరారు. అన్నయ్యది సైకిల్ టాక్సీలో గంటల లెక్కన తెచ్చిన కిరాయి సైకిల్. క్యాసెట్‌లో చూసినట్టు హ్యాండిల్‌కు అరటిపళ్ళు కట్టుకున్నాడు. మల్కాజ్‌గిరిలో క్వయర్ ఆంటీ రోడ్డు పక్కన నిలబడి, పోతున్నవాడికి పోతున్నట్టే పులిహోర పొట్లం అందించబోయింది. విదేశాల్లో సంచీ అందిస్తారు, అది చిరగదు. అన్నయ్య చొక్కా నిండా పులిహోరతో యాప్రాల్ ఎత్తు ఎక్కాడని తర్వాత తెలిసింది.

ఎండ ఎక్కేసరికి ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. అన్నయ్య రాలేదు. మల్కాజ్‌గిరి రైలు గేటు అవతల చైను తెగిందనీ, నడిపించుకుంటూ వస్తున్నాడనీ, మా నాన్న ఆటోలో వెనకాలే వస్తున్నారనీ చివరగా వచ్చిన కుర్రాడు చెప్పాడు. నడిచి వస్తే లెక్కకు వస్తుందా అని అందరూ నావైపు చూశారు. ఆ సినిమాలో ఏం చెప్పారు అన్నారు పాస్టరుగారు. ఆ ముక్క నేను అందుకోలేదని చెప్పాల్సి వచ్చింది. క్వయర్ ఆంటీ అన్నం చల్లారుతోందనీ, ప్రార్థన చేసేద్దామనీ అంది. నేను ఎవరిదో సైకిల్ తీసుకుని గేటు వైపు వెళ్ళాను.

గేటు వేసి ఉంది. అన్నయ్య సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. చెప్పు కూడా తెగింది. వెనకాల ఆటో, ఆటోకు చీపురు, చీపురు పక్కన నాన్న. ఇంత దూరం నడకవేగంతో నడిపించినందుకు ఆటో అన్న విసిగిపోయి ఉన్నాడు.

"ఏందీ సార్ గిట్ల? జెర ఎక్కించుకోరాదా? పోరడు పరేషాన్ అయితున్నడు, నా ఇంజన్ సుత గరమైంది."

"అడిగాను. ఎక్కనన్నాడు," అన్నారు నాన్న. మళ్ళీ అడగడం తన డ్యూటీ అని గుర్తొచ్చినట్టు అన్నయ్య వైపు తిరిగి, "ఎక్కుతావా?" అన్నారు.

"లేదు నాన్నా."

అప్పుడే గూడ్సు బండి వచ్చింది. చివరి డబ్బాలో గార్డు ఆకుపచ్చ జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న వెంటనే ఆటో దిగి, తన జెండా చాచి, అంతా సవ్యంగానే ఉందని సైగ చేశారు. ఆ గార్డు బదులు సైగ చేసి, ఎవరో గుర్తుపట్టి, చీపురు చూసి, కనుమరుగయ్యేదాకా బయటికి వంగి చూస్తూనే వెళ్ళాడు. (ఆ తర్వాత చాలాకాలం, గార్డులు డ్యూటీల మధ్య పడుకునే రన్నింగ్ రూమ్‌లో నాన్నను చీపురు గార్డు అన్నారు.) గేటు తీశారు. ఆటో స్టార్ట్ కాలేదు. ఆటో అన్న ఎంత లాగినా దగ్గి ఊరుకుంది.

నాన్న ఆటోకు కట్టిన చీపురు విప్పి చంకలో పెట్టుకుని, రెండు జెండాలు పట్టుకుని, అన్నయ్య వెనకాల నడవడం మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక అన్నయ్య ఆయన కోసం ఆగి, పక్కకు జరిగి చోటిచ్చాడు. నాన్నా ఆగారు.

"ముందు నడువు. చివరి బండి నేను, నువ్వు కాదు."

అన్నయ్య తిరిగి చూడకుండా నడిచాడు. నేను ఎక్కడ నడవాలో తెలియక రోడ్డు అవతలి వైపు నడిచాను. మేం చర్చికి చేరేసరికి ముగింపు గీత దగ్గర పట్టుకున్న రిబ్బను చుట్టేశారు. పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకున్నారు, క్వయర్ ఆంటీ గరిటె పట్టుకుని ఉంది. నాన్న చర్చి గేటు దగ్గర నిలబడి ఎర్ర గుడ్డ ఎత్తి పట్టారు.

"పాస్టరుగారూ, బండి ఇంకా పూర్తిగా రాలేదండి."

పాస్టరుగారు కళ్ళు తెరిచి ఆ చీపురునూ ఆ ఎర్ర గుడ్డనూ చూసి, ఆమేన్ చెప్పకుండానే రిబ్బను మళ్ళీ పట్టుకోమన్నారు. ఒక వైపు ఆంటీ గరిటెతోనే పట్టుకుంది. అన్నయ్య సైకిల్ నడిపించుకుంటూ దాటాడు. అతని వెనకాల నాన్న దాటి, ఈల ఊది, ఆకుపచ్చ గుడ్డ ఊపారు. నవ్వు మొదలైంది, కానీ నాన్న నవ్వడం లేదని చూసి ఎవరికి వారు సర్దుకున్నారు. భోజనాల దగ్గర ఆయన అన్నయ్య పక్కన కూర్చుని, విస్తరి కడుక్కుంటూ, "షాపు సంగతి ఏదో అన్నావు. చెప్పు," అన్నారు.

ఆ షాపు అన్నయ్య చివరిదాకా నడిపాడు. సైకిల్ చేతిలో ఉంటే నడిచి గీత దాటినా లెక్కేనని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను. షాపుకు పరుగెత్తుకెళ్ళి అన్నయ్యకు చెబితే, చేతికి గ్రీజుతోనే నవ్వి, "తర్జుమా ఇప్పుడయిందా?" అన్నాడు.

పోయినేడు అన్నయ్య సమాధి దగ్గర నుంచి అందరూ వెళ్ళిపోయాక నేను ఆఖరి ఆటోలో ఎక్కాను. ఇంకెవరైనా ఉన్నారా అమ్మా అని డ్రైవరు అడిగాడు. నేను వెనక్కి తిరిగి, నాన్న చూసినట్టు, ఓపికగా చూసి లేరని చెప్పాను. టీవీ పక్కన నిలబడి చెమటలు పట్టిన ఆ టీచరు పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తెర మీద పందెం ఎప్పుడో అయిపోయింది, అన్నయ్య దిగి వెళ్ళిపోయాడు. నేనింకా వెనకబడి యాప్రాల్ ఎత్తు దగ్గరే ఉన్నాను, అన్నయ్య చొక్కా నిండా పులిహోర ఉందని చెబుతున్నాను.